చలికి గొంగడి, చదువుకు పుస్తకాలు



అక్టోబరు 18న పునీత లూకాగారి పండుగ. ఆనాటి దివ్యపూజలో పౌలుగారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖ చివరి అధ్యాయం నుండి ఒక పఠనం చదువుతారు. గొప్ప వేదాంత సత్యాలు వినాలని కూర్చున్నవారికి అది కొంత నిరాశే కలిగిస్తుంది. ఒకడు నన్ను విడిచిపోయాడు, ఇంకొకడు వేరే ఊరికి పోయాడు, నా దగ్గర లూకా ఒక్కడే ఉన్నాడు అంటూ మన ఇళ్లకు వచ్చే ఉత్తరంలాగే సాగుతుంది. ఆ మధ్యలో పదమూడవ వచనం ఉన్నది. రోమునగర చెరలో ఉండి, తన చావు దగ్గర పడిందని తెలిసిన ఆ పెద్దాయన, త్రోయలో కర్పు ఇంట్లో వదలిపెట్టిన తన పైవస్త్రాన్ని తెమ్మని అడుగుతాడు. దానితోపాటు పుస్తకాలు కూడా తెమ్మంటాడు. వాటిలోనూ తోలు పత్రాల మీద వ్రాసిన గ్రంథాలను మరచిపోవద్దని ప్రత్యేకంగా చెబుతాడు.

గొంగడి అడిగాడంటే అర్థమవుతుంది. రాతి గోడల మధ్య చలి పెడుతుంది. ఇంకొన్ని వచనాల తరువాత, చలికాలం రాకముందే రమ్మని కూడా బ్రతిమాలుకుంటాడు. మరి పుస్తకాలెందుకు? ఇక కొద్ది రోజులే బ్రతుకు అని తెలిసినవాడు చదివి ఎవరికి పాఠం చెప్పాలి? సెమినరీలో తత్త్వశాస్త్రం, తరువాత వేదశాస్త్రం చదివిన నేను ఈ వచనాన్ని ఎన్నోసార్లు చదివాను గాని, దాని దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. దాన్ని నాకు బోధించినవాడు ఒక ఖైదీ.

2001 సంవత్సరం క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, సహాయ గురువుగా ఉన్న నేను ఇద్దరు మఠకన్యలు, ఒక ఉపదేశితో కలిసి ఒక కేంద్ర కారాగారానికి వెళ్ళాను. ఏ జైలో చెప్పను, చెబితే మనిషిని గుర్తుపట్టే అవకాశం ఉన్నది. కేకు ముక్కలు, నారింజపండ్లు, సబ్బులు తీసుకొనిపోయాం. రెండు పాటలు పాడాం, నేను పది నిమిషాలు ప్రసంగం చేశాను. అధికారులు మర్యాదగా చూశారు. అందరూ వరుసలో వచ్చి కేకు తీసుకుంటున్నారు. జగిత్యాల వైపు పల్లె నుండి వచ్చిన ఒక యువకుడు, పాతికేళ్లు కూడా ఉండవు, చేతిలో కేకు పట్టుకొని పక్కకు పోకుండా అక్కడే నిలబడ్డాడు.

“ఫాదర్, కేకు మంచిగనే ఉంది. మల్ల వచ్చేటప్పుడు అర్థశాస్త్రం పుస్తకం ఒకటి తెస్తరా?” అన్నాడు.

నేను బైబిలు అనుకొని, “ఏ పుస్తకం?” అని మళ్లీ అడిగాను. బి.ఏ. రెండవ సంవత్సరపు అర్థశాస్త్రం. పదవ తరగతితో ఆగిపోయి, భూమి తగాదాలో జరిగిన ఒక హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడినవాడు జైలులో బి.ఏ. చదువుతున్నాడని అప్పటి వరకు నాకు తెలియదు. మూడేళ్లుగా ఏటా అదే కేకు పట్టుకొని వెళ్తున్న నాకు ఆ సంగతి తెలియలేదంటే, తప్పు కేకుది కాదు గదా.

ఆ యువకునికి డిగ్రీ చదివే వీలు ఎలా కలిగిందో తెలుసుకుంటే, ఆ దారి మన కరీంనగర్ జిల్లా నుండే మొదలైందని తెలుస్తుంది. దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనే పేరుతో మొదలైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డిగారు కరీంనగర్ జిల్లా పల్లెలో పుట్టినవారు. ఆయనే 1985లో ఢిల్లీలో స్థాపించిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే మనం ఇగ్నో అని పిలిచేదానికి, మొదటి ఉపకులపతి అయ్యారు. తరువాత విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి అధ్యక్షులుగా పనిచేసి, 1995లో మరణించారు. కాలేజీకి రాలేనివారి దగ్గరకే కాలేజీ పోవాలి అన్నదే ఈ విధానానికి మూలం. పొలం పనివాళ్లు, గృహిణులు, బస్సు కండక్టర్లు, సింగరేణి కార్మికులు తెలుగులో అచ్చువేసిన పాఠాలు ఇంట్లో చదువుకొని, ఆదివారాల్లో దగ్గరి ప్రభుత్వ కళాశాలలో తరగతులు విని పరీక్షలు వ్రాశారు. ఇంటర్మీడియట్ లేనివారు కూడా అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే వీలు చాలా సంవత్సరాలపాటు ఉండేది. మన యువకుడు ఆ తలుపు గుండానే లోపలికి వచ్చాడు.

కాలేజీకి రాలేనివారు అన్నప్పుడు అందరికంటే ముందు లెక్కలోకి వచ్చేది ఖైదీయే. అందుకే వరంగల్, చెర్లపల్లి, రాజమండ్రి వంటి కేంద్ర కారాగారాల లోపలే అధ్యయన కేంద్రాలు నడిచాయి. ఢిల్లీలోని తీహారు జైలులో ఇగ్నో 1994లో తన కేంద్రాన్ని తెరిచింది. తరువాతి కాలంలో ఖైదీలకు ఫీజు మినహాయింపు కూడా ఇచ్చింది. 2023లో అంబేద్కర్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో కడప కేంద్ర కారాగారంలో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ సామాజికశాస్త్రం ఎం.ఏ.లో బంగారు పతకం అందుకున్నాడు.

ఇది కొత్త సంగతి అనుకోవద్దు. చెరలో చదువు, చెరలో వ్రాత మన తిరుసభకూ మన నేలకూ పాతవే. పునీత తోమా అక్వినాస్‌గారు డొమినికను సభలో చేరుతున్నారని కోపించిన ఇంటివారు ఆయనను ఏడాదిపాటు కోటలో బంధించి ఉంచితే, ఆయన ఆ కాలమంతా చదువుతోనే గడిపారని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయనకంటే ఏడువందల ఏళ్ల ముందు బోయేతియుస్ మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ చెరలో వ్రాసిన గ్రంథాన్ని మేము తత్త్వశాస్త్రపు మొదటి సంవత్సరంలోనే చదివాం. పునీత థామస్ మోర్‌గారిని లండను కోటలో ఉంచినప్పుడు కొంతకాలం పుస్తకాలను ఉంచుకోనిచ్చారు. 1535 జూన్‌లో వాటినీ మూటగట్టి తీసుకొనిపోయారు. జూలై 6న తల నరికారు.

మన దగ్గర చూస్తే, ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లి నవలను జైలులోనే వ్రాశారు. నిజాము వ్యతిరేక పోరాటంలో పట్టుబడిన దాశరథి కృష్ణమాచార్యులుగారు నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుముక్కతో పద్యాలు వ్రాశారు. అదే జైలులో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామిగారు తరువాత జైలు లోపల అనే పేరుతోనే కథలు వెలువరించారు. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా ఇరవై ఏడేళ్ల ఖైదులో ఉత్తరాల ద్వారా న్యాయశాస్త్రం చదివి, 1989లో, ఇంకా ఖైదీగా ఉండగానే, పట్టా పొందాడు. మధ్యలో కొన్నేళ్లు ఆయనకు చదువుకునే అనుమతిని రద్దుచేశారు కూడా. చదువును శిక్షగా తీసివేయవచ్చునని పాలకులకు తెలిసిందంటే, అది అన్నంతో సమానమైనదని వారికి తెలిసినట్లే గదా.

వీరంతా గొప్పవారు, దేశం కోసమో విశ్వాసం కోసమో చెరకు పోయినవారు, హంతకుడికీ వీరికీ పోలికా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్న నన్ను అడిగినామె మా విచారణలోనే ఉండేది. ఆమె సంగతికి వచ్చే ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

ఆ యువకునికి అర్థశాస్త్రం పుస్తకం తీసుకొనిపోయి ఇచ్చాను. తరువాత చరిత్ర పుస్తకం ఇచ్చాను. నోటు పుస్తకాలు, పెన్నులు ఇచ్చాను. ఒక సంవత్సరం అతని పరీక్ష ఫీజు ఫారం మీద అధికారి సంతకం చేయించి, బయట కట్టమని నా చేతికి ఇచ్చారు. దాన్ని పూజ సంచిలో పెట్టుకున్నాను. ఆ వారం విచారణ పండుగ. తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు, తేరు, మైకులు, భోజనాలు, మేత్రాణులవారి రాక. పండుగ బాగా జరిగింది, అందరూ మెచ్చుకున్నారు. పది రోజుల తరువాత సంచి దులిపితే ఫారం బయటపడింది. గడువు దాటింది. అపరాధ రుసుముతో కట్టే గడువు కూడా దాటింది.

ములాఖత్‌లో జాలీ అవతల నిలబడి విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “పోనీ ఫాదర్. నాకేం టైం తక్కువనా?” అని నవ్వాడు.

నేను పాపసంకీర్తనంలో చెప్పుకున్న పాపాలలో ఇది ఒకటి. ఎందుకంటే ఒక స్వతంత్రుడు పరీక్ష తప్పితే ఒక ఏడాదే పోతుంది. అతనికి ఆ ఏడాదిలో ముందుకు కదిలేది ఆ పరీక్ష ఒక్కటే. మిగిలినదంతా లెక్కపెట్టడమే, బ్యారక్ తలుపు ఎన్నింటికి తెరిచారు, ఎన్నింటికి మూశారు అని.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే. జైలులో చదువుకునే మనిషికి తెలివితేటలు కావాలి, పట్టుదల కావాలి, అధికారుల అనుమతి కావాలి. ఇవన్నీ ఉన్నా, గోడకు బయట నిలబడి మూడేళ్లు, ఐదేళ్లు విసుగు లేకుండా ఫారాలు మోసే మనిషి ఒకరు లేకపోతే ఆ చదువు సాగదు. పౌలుగారు అంతటివాడు. ఆయనకు కూడా త్రోయలో పుస్తకాలు దాచిన కర్పు ఒకడు, వాటిని మోసుకొని రావలసిన తిమోతి ఒకడు కావలసివచ్చింది.

ఇప్పుడు ఆమె సంగతి. మా విచారణలో బీడీలు చుట్టి బ్రతికే ఒక తల్లి. ఆమె కొడుకును పొలం గట్టు దగ్గర గొడవలో చంపారు. ఆ కేసు వేరు, నేను పుస్తకాలు ఇచ్చిన యువకుని కేసు వేరు. అయినా, నేను జైలుకు పుస్తకాలు మోస్తున్నానని ఎవరో చెబితే, ఆదివారం పూజ అయిన తరువాత గుడి మెట్ల మీద నన్ను ఆపింది.

“నా కొడుకసుంటోన్ని సంపినోనికి సదువు సెప్పిస్తున్నరట గద, ఫాదర్. మా మనవరాలికి ఫీజు కట్టే దిక్కు లేదు. ఆమె ఎవర్నీ సంపలేదు మరి.”

నేను చాలా చదువుకున్నవాడిని. మత్తయి సువార్త ఇరవై ఐదవ అధ్యాయం నోటికి వచ్చు. చెరలో ఉన్నవానిని చూడబోవడమంటే తనను చూడబోవడమే అని ప్రభువు చెప్పిన సంగతి ఆమెకూ తెలుసు, గుడిలో వింటూనే ఉన్నది. ఆ క్షణంలో ఆ మాటను ఆమె మీదికి విసరడానికి నాకు నోరు రాలేదు. నిజానికి ఆమె మాటలో తప్పు లేదు. చంపబడినవాని ఇంటికి ఎవరూ పుస్తకాలు మోసుకొనిపోలేదు.

శిక్ష ఎందుకు అన్న ప్రశ్నను అక్వినాస్‌గారు లోతుగా విచారించారు. చేసిన దానికి ప్రతిఫలం చెల్లించడం కోసమే శిక్ష అని ఆయన అనలేదు. పూర్తి ప్రతిఫలం చివరి తీర్పుకు వదిలి, ఈ లోకంలో మనం వేసే శిక్షలలో మందు గుణమే ఎక్కువగా ఉండాలని ఆయన భావం. మన సత్యోపదేశ గ్రంథం కూడా ప్రజల భద్రతతోపాటు, వీలైనంత మేరకు దోషి బాగుపడడాన్ని శిక్ష ఉద్దేశాలలో చేర్చింది. మందు చేదుగా ఉండవచ్చు. కాని మందు ఇచ్చే వైద్యుడు రోగి ఏ అవయవాన్ని కాపాడాలనుకుంటున్నాడో అతనికి తెలిసి ఉండాలి. మనిషిలో మంచిచెడులు తేల్చే అవయవం బుద్ధి. పదేళ్లు దానికి మేత లేకుండా కట్టివేసి, పదకొండవ ఏట బయటికి వదిలి, ఇక మంచిగా బ్రతుకు అంటే ఎట్లా?

మన న్యాయస్థానాలు కూడా ఈ దారిలోనే నడిచాయి. 1965లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వింత కేసు వచ్చింది. మహారాష్ట్రలో నిర్బంధంలో ఉన్న ఒకాయన పరమాణువు గురించి మరాఠీలో ఒక విజ్ఞానశాస్త్ర పుస్తకం వ్రాశాడు. అచ్చు వేయించడానికి దాన్ని బయటికి పంపిస్తానంటే ప్రభుత్వం వద్దన్నది. పంపనివ్వాలని కోర్టు చెప్పింది. 1974లో విశాఖపట్నం జైలులో ఉన్న నక్సలైటు ఖైదీల కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని స్పష్టం చేసింది. 1977లో మన రాష్ట్రం నుండే వెళ్లిన గియాసుద్దీన్ కేసులో, ఖైదీని బాగుచేయడమే శిక్ష గమ్యమని, అతనికి మొద్దు చాకిరీ గాక తగిన పని ఇవ్వాలని న్యాయమూర్తి కృష్ణయ్యర్‌గారు ఆదేశించారు. కావున ఖైదీ చదువు మనం దయతలచి వేసే భిక్ష కాదు.

ఇవన్నీ ఆ తల్లికి చెప్పలేదు. చెబితే ఆమె బాధకు నేను పాఠం చెప్పినట్లు అయ్యేది. విచారణ సలహాసంఘం కూర్చున్నప్పుడు మాత్రం ఒక నిర్ణయం చేశాం. జైలు పుస్తకాల కోసం పెట్టిన హుండీ నుండి, హత్యకు గురైనవారి పిల్లలు మన పరిధిలో ఎవరున్నా వారి బడి ఫీజు ముందు తీయాలి, తరువాతనే జైలు పుస్తకాలు. సంఘంలో ఒకరిద్దరు, ఆ రెండిటినీ ఎందుకు కలుపుతారు ఫాదర్ అన్నారు. ఆ రెండూ ఒకే గాయానికి రెండు అంచులు అని నాకు అనిపించింది. ఆ తల్లి మనవరాలి ఫీజు తీసుకున్నది. నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఇప్పటికీ జైలు హుండీలో ఆమె పైసా వేయదు. వేయాలని నేను ఆశించను కూడా.

మన తెలుగు కథోలికుల భాషలో ఒక చిత్రమున్నది. గుడి పరిధిని మనం విచారణ అంటాం, నన్ను విచారణ గురువు అంటారు. కోర్టులో కేసు నడవడాన్ని కూడా విచారణ అనే అంటారు, తీర్పు రానివాడిని విచారణ ఖైదీ అంటారు. ఈ రెండు విచారణలూ ఒకదానినొకటి విచారించుకున్నది తక్కువ. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని ఈ విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా జైళ్లలో ఉండేవారిలోనూ ఎక్కువమంది వీరే. పెద్ద శిక్ష పడినవారిని కేంద్ర కారాగారాలకు పంపుతారు. అధ్యయన కేంద్రాలూ, గ్రంథాలయాలూ, చదివిన తోటి ఖైదీలూ ఉండేది అక్కడే. కాబట్టి చదువు మధ్యలో తెగిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నది జిల్లా జైలులోని కుర్రవానికి. డిగ్రీ రెండవ ఏడాది చదువుతుండగా అరెస్టయ్యాడనుకోండి. పరీక్ష వచ్చే నెలలో ఉంటుంది. అతను పరీక్ష వ్రాయాలంటే వకీలు కోర్టులో పిటిషన్ వేయాలి, కోర్టు అనుమతించాలి, కాపలాకు పోలీసులు దొరకాలి, హాల్ టికెట్ వేళకు చేతికి రావాలి. వీటిలో ఏ ఒక్కటి జరగకపోయినా ఆ ఏడాది పోతుంది. ఆ హాల్ టికెట్‌ను కాలేజీ నుండి వకీలుకు, వకీలు నుండి జైలుకు చేర్చడం ఒక ఉపదేశి మోటారు సైకిలు మీద ఒక పూటలో చేయగల పని. బెయిలు వచ్చిందంటే సంతోషమే గాని, అప్పుడు చిరునామా మారుతుంది, కేంద్రం మారుతుంది. ఆ మార్పు కాగితాలు ఎవరూ పెట్టకపోతే, బయటికి వచ్చినందుకే చదువు పోతుంది!

1980, 90 దశకాలలో మన రెండు జిల్లాల నుండి ఎందరో యువకులు నక్సలైటు కేసులలో జైళ్లకు పోయారు. కొందరు చదువు మానుకొని అడవికి పోయినవారు, కొందరు అన్నం పెట్టినందుకు కేసులో ఇరికినవారు. ఆ రోజుల్లో అటువంటి ఇళ్లకు పోవాలంటే మన గురువులకూ భయమే, పోలీసుల భయం ఒకవైపు, అన్నల భయం ఒకవైపు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. కాని అప్పుడు మానుకున్న అలవాటు ఇప్పటికీ మానుకునే ఉన్నాం.

2021లో ఇంకొక కష్టం వచ్చింది. మన రెండు జిల్లాలకు దగ్గరగా ఉండిన వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఆ ఏడాది ఖాళీ చేయించి కూల్చి, ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. హైదరాబాదులో ముషీరాబాదు జైలు స్థలంలో గాంధీ ఆసుపత్రి వచ్చినట్లే. రోగులనూ ఖైదీలనూ ప్రభువు ఒకే వాక్యంలో చెప్పాడు గనుక నేను ఫిర్యాదు చేయను. అయితే ఖైదీలను చెర్లపల్లి మొదలైన చోట్లకు పంపించారు. ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు మూడువందల కిలోమీటర్లు. ఉట్నూరు వైపు గూడెం నుండి వచ్చే తల్లికి పోను ఒక రోజు, రాను ఒక రోజు, మధ్యలో ములాఖత్ కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలలో ఆమె కొడుకు ముఖం చూసుకుంటుందా, టి.సి. ఎక్కడ ఉన్నదో, పదవ తరగతి మెమో ఏ పెట్టెలో ఉన్నదో మాట్లాడుతుందా?

ఇక్కడనే విచారణ పని మొదలవుతుంది. పాత బడికి పోయి టి.సి. తీయడం, మెమో పోతే నకలు కోసం దరఖాస్తు పెట్టడం, ఆధార్‌లో పేరు ఒక రకంగా, మెమోలో ఇంకో రకంగా ఉంటే సరిచేయించడం. ఇప్పుడు దరఖాస్తులన్నీ కంప్యూటరులోనే. లోపల ఉన్నవాని చేతిలో సెల్‌ఫోను ఉండదు. గడువు తేదీ మారిందన్న సమాచారం లోకమంతటికీ ఒక్క నిమిషంలో తెలిస్తే, అతనికి నెల తరువాత తెలుస్తుంది. ఫీజు మినహాయింపు ఉన్నా లేకున్నా ఈ శ్రమ తప్పదు. మన విచారణలలో రిటైరైన ఉపాధ్యాయులు ఉన్నారు. వారిలో ఒక్కరు ఒక్క ఖైదీని పట్టుకుంటే చాలు. పదిమందిని పట్టుకొని ఏడాదికే వదిలేయడం కంటే అది మేలు. నేను పదిమందిని పట్టుకున్నవాడినే, అందుకే చెబుతున్నాను.

వెళ్లేవారికి కొన్ని జాగ్రత్తలు. సూపరింటెండెంట్‌గారి అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకోండి. పుస్తకాలను అధికారులు పేజీ పేజీ తిప్పి చూస్తారు. చూడడం వారి విధి, దానికి చిన్నబుచ్చుకోకండి. పుస్తకం మధ్యలో ఉత్తరం, ఫోటో, డబ్బు ఏదీ పెట్టవద్దు. స్వరూపం, జపమాల కూడా పెట్టవద్దు. ఈ చివరి మాట కొందరికి రుచించదని తెలుసు. బైబిలు అడిగినవానికి బైబిలు ఇవ్వండి. అర్థశాస్త్రం అడిగినవానికి అర్థశాస్త్రమే ఇవ్వండి. ముస్లిము సోదరుడైనా, హిందువైనా, ఏ దేవుడినీ నమ్మనివాడైనా అడిగిన పుస్తకం అడిగినట్లే అందాలి. ఎర వేసి ఇచ్చే చదువు చదువు కాదు, మన ప్రభువు ఎవరినీ అట్లా పిలవలేదు. చదివితే శిక్ష తగ్గుతుందని గాని, పట్టా వస్తే సర్కారు కొలువు వస్తుందని గాని ఆశపెట్టవద్దు. అవి మన చేతిలో లేవు.

1981లో కేరళలో ఇద్దరు యువకుల చొరవతో మొదలైన చెరసాల పరిచర్య నేడు భారతదేశపు తిరుసభ అంతటా ఉన్నది. ఆగస్టు రెండవ ఆదివారాన్ని చెరసాల పరిచర్య ఆదివారంగా జరుపుకుంటాం. ఆ పరిచర్యకు పాలక పునీతులు మాక్సిమిలియన్ కోల్బేగారు. ఆష్విట్జ్ చెరలో తోటి ఖైదీకి బదులుగా తన ప్రాణం ఇచ్చి, 1941 ఆగస్టు 14న మరణించిన ఆయన రోమునగరంలో తత్త్వశాస్త్రంలో డాక్టరేటు చేసినవారు. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2013లో, ఎన్నికైన కొద్ది రోజులకే, పవిత్ర గురువారంనాడు బాలనేరస్థుల జైలుకు పోయి పాదాలు కడిగారు. 2024 డిసెంబరు 26న రోమునగరపు రెబిబ్బియా జైలులో జూబిలీ పవిత్ర ద్వారాన్ని తెరిచారు. ఆగస్టు ఆదివారంనాడు మన గుడులలో ప్రత్యేక కానుక పడుతున్నాం, మంచిదే. అది ఏడాదికి ఒక్కరోజు. చదువు మాత్రం సంవత్సరమంతా నడుస్తుంది.

ఆ జగిత్యాల యువకుడు ఏమయ్యాడని అడుగుతారు. నా మూలంగా పోయిన ఏడాదితో కలిపి నాలుగేళ్లకు బి.ఏ. పూర్తిచేశాడు. రెండవ తరగతి మార్కులు. తరువాత చాలా కాలానికి విడుదలయ్యాడు. సర్కారు కొలువు రాలేదు. ప్రైవేటు బడిలో అడిగితే, పాత సంగతి తెలిసి వద్దన్నారట. ఒక బియ్యం మిల్లులో లెక్కలు వ్రాస్తున్నాడు. పట్టా గోడకు తగిలించలేదు, ట్రంకుపెట్టెలో ఉంచాడు. “మరి ఆ చదువుతో ఏం లాభమైంది?” అని ఒకసారి అడిగాను. కొంచెం ఆలోచించి, “జైల్ల మస్తు మందికి పిటిషన్లు రాసిచ్చిన ఫాదర్. గొడవైన రాత్రి వెనక ఏం జరిగిందో నాకు నేనే సగం సగం చెప్పుకునేటోన్ని. చదివినంక పూర్తిగ చెప్పుకున్న” అన్నాడు. ఆ రెండవ మాట నేను ఏ తత్త్వశాస్త్ర గ్రంథంలోనూ అంత సూటిగా చదవలేదు.

ఈసారి కేంద్ర కారాగారంలో నేను చూడబోయేది ఉట్నూరు వైపు నుండి వచ్చిన ఇంకొక కుర్రవాడిని. బి.ఏ. మొదటి సంవత్సరం. రెండు పుస్తకాలు అడిగాడు. ఒకటి దొరికింది, రెండవదాని కోసం కరీంనగర్ పాత పుస్తకాల దుకాణంలో చెప్పి ఉంచాను. తల్లి గొంగడి ఒకటి పంపింది, దాన్ని లోపలికి అనుమతిస్తారో లేదో అడగాలి. ఆదిలాబాదు వైపు అప్పుడే చలి మొదలైంది. పరీక్ష ఫారం మాత్రం ఈసారి పూజ సంచిలో పెట్టలేదు, చొక్కా జేబులోనే ఉన్నది.